అగ్నిపర్వతం బూడిదతో ఫ్లైట్ ఆగిపోతే: ఏ పని ముందు, ఏ పని తర్వాత

2025 నవంబర్ 23, ఆదివారం. ఇథియోపియాలోని అఫార్ ప్రాంతంలో హేలీ గుబ్బి అనే అగ్నిపర్వతం పేలింది. అంతకుముందు అది పేలినట్టు ఎక్కడా నమోదు కాలేదు, కాబట్టి ఆ పేరు మనలో చాలామంది అప్పుడే మొదటిసారి విన్నాం. బూడిద దాదాపు 14 కిలోమీటర్ల ఎత్తుకి లేచింది. ఎర్ర సముద్రం దాటి, యెమెన్, ఒమన్ మీదుగా సాగి, సోమవారం రాత్రికల్లా ఢిల్లీ ఆకాశానికి వచ్చేసింది. ఎయిర్ ఇండియా రద్దు చేసిన ఫ్లైట్లలో దుబాయ్-హైదరాబాద్ ఉంది, మర్నాడు హైదరాబాద్-ఢిల్లీ కూడా ఉంది.

ఆ సోమవారం మా పెద్దమ్మ గల్ఫ్‌లో వేరే ఊరి ఎయిర్‌పోర్టులో, వేరే ఎయిర్‌లైన్ టికెట్‌తో ఉంది. కొడుకు దగ్గర మూడు నెలలుండి తిరిగొస్తోంది. ఫ్లైట్ రద్దయిందని మెసేజ్ వచ్చింది, కానీ ఆమెకి కాదు, టికెట్ బుక్ చేసిన ఏజెంటు ఫోనుకి. ఆయన దాన్ని చూసేసరికి షాపు మూసే వేళయింది. అప్పటికే మా అన్నయ్య ఆమెని దింపేసి నైట్ డ్యూటీకి వెళ్లిపోయాడు. చేతి సంచిలో షుగరు మాత్రలు ఒక్క పూటకే ఉన్నాయి. మిగతా స్ట్రిప్పులన్నీ పెద్ద సూట్‌కేసులో, అది చెక్-ఇన్ అయిపోయింది. ఆ రాత్రంతా ఆమెతో ఫోన్లో ఉండి, ఆ తర్వాత రూల్స్ చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. అమ్మానాన్నల్ని ఒంటరిగా విమానం ఎక్కించే వాళ్లు ఇది తప్పకుండా చదవాలని నా కోరిక.

ముందుగా, బూడిదంటే విమానానికి ఎందుకంత భయం?

ఇది తెలియకపోతే కౌంటర్ దగ్గర అనవసరంగా గొడవపడతాం. అగ్నిపర్వతం బూడిద మన పొయ్యిలో బూడిద లాంటిది కాదు. అది పొడి అయిపోయిన రాయి, గాజు. జెట్ ఇంజన్ లోపలి వేడికి ఆ గాజు కరుగుతుంది. కరిగి, కాస్త చల్లగా ఉన్న టర్బైన్ భాగాలకి పాకంలా అతుక్కుంటుంది, గాలి వెళ్లే దారి మూసుకుపోతుంది. 1982 జూన్ 24న ఇండోనేషియాలో గలుంగుంగ్ పర్వతం బూడిదలోకి తెలియక దూరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 విమానానికి నాలుగు ఇంజన్లూ ఆగిపోయాయి. 37,000 అడుగుల నుంచి కిందికి జారుతూ జారుతూ బూడిద దాటి బయటపడ్డాక ఇంజన్లు మళ్లీ అందుకున్నాయి. జకార్తాలో దిగేటప్పుడు ముందు అద్దం గరుకు కాగితంతో రుద్దినట్టు గీతలుపడి, పైలట్లకి రన్‌వే సరిగ్గా కనిపించలేదు. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు.

విమానంలో ఉండే వాతావరణ రాడార్ నీటి చుక్కల్ని చూపిస్తుంది గానీ, పొడి బూడిదని చూపించలేదు. రాత్రిపూట కంటికీ కనపడదు. అందుకే చుట్టూ తిరిగి వెళ్లడం, లేదంటే వెళ్లకపోవడం తప్ప పైలట్‌కి మరో దారి లేదు. 2025 జూన్‌లో ఢిల్లీ నుంచి బాలీకి బయల్దేరిన ఎయిర్ ఇండియా విమానం, ఇండోనేషియాలోని లెవొటోబి అగ్నిపర్వతం పేలడంతో సగం దారిలోంచి వెనక్కి వచ్చేసింది. ప్రయాణికులకి ఆ పూట కోపం వచ్చే ఉంటుంది. కానీ నా మట్టుకు నేను అలా వెనక్కి తెచ్చిన పైలట్‌కి దణ్ణం పెడతాను.

చాలామందికి అర్థంకాని విషయం ఇంకొకటి ఉంది. "ఆకాశం శుభ్రంగా ఉంది, పైగా ఇది హైదరాబాద్-ఢిల్లీ ఫ్లైట్, ఇథియోపియాకి దీనికీ ఏం సంబంధం?" అని అడుగుతారు. సంబంధం విమానంతో. ముందు రోజు బూడిద ఉన్న దారిలో తిరిగొచ్చిన విమానాన్ని ఇంజనీర్లు పరీక్షించాకే మళ్లీ ఎగరనిస్తారు. ఆ విమానమే మీ ఊరి ఫ్లైట్ కూడా నడపాల్సి ఉంటే, అది ఆగుతుంది. కాబట్టి బూడిద వెళ్లిపోయిన మర్నాడు కూడా కొన్ని రద్దులుంటాయని ముందే అనుకోండి.

ఇంట్లో ఉండగానే: టికెట్‌లో ఎవరి ఫోన్ నంబరుంది?

నన్నడిగితే మొత్తంలో ఇదే ముఖ్యమైన పని, ఐదు నిమిషాలు కూడా పట్టదు. ఏజెంటు దగ్గర కొన్న టికెట్లలో చాలాసార్లు ఏజెంటు నంబరు, ఏజెంటు మెయిలే ఉంటాయి. ఎయిర్‌లైన్ యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో పీఎన్‌ఆర్ (టికెట్ మీదుండే బుకింగ్ నంబరు), ఇంటిపేరు కొట్టి టికెట్ తెరవండి. "కాంటాక్ట్ డీటెయిల్స్" అన్నచోట మీ నంబరు పెట్టండి. ప్రయాణించేది అమ్మానాన్నలైతే వాళ్ల నంబరొకటి, ఇంగ్లీషు మెసేజ్ చదివి వెంటనే స్పందించగల మీ నంబరొకటి ఇవ్వండి. యాప్‌లో మార్చడం కుదరకపోతే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి చేర్పించండి. ఇండియా సిమ్ గల్ఫ్‌లో, అమెరికాలో రోమింగ్ లేక పనిచేయకపోవచ్చు, కాబట్టి మెయిల్ ఐడీ కూడా ఉండాలి.

ఏజెంటు ఇచ్చిన పీఎన్‌ఆర్ ఎయిర్‌లైన్ సైట్‌లో పనిచేయకపోతే కంగారు పడకండి. ఏజెంట్ల సిస్టమ్‌కి ఒక నంబరు, ఎయిర్‌లైన్‌కి వేరే నంబరు ఉంటుంది. "ఎయిర్‌లైన్ పీఎన్‌ఆర్ ఇవ్వండి" అని అడిగి తీసుకోండి.

బూడిద మీ దారిలో ఉందో లేదో మీరే చూసుకోవడం

టీవీలో ఎర్ర మేఘం బొమ్మ చూసి టెన్షన్ పడేకన్నా అసలు మ్యాప్ చూడటం నయం. ప్రపంచంలో 9 చోట్ల అగ్నిపర్వత బూడిద సలహా కేంద్రాలున్నాయి. ఆఫ్రికా, గల్ఫ్, యూరప్‌లో ఎక్కువ భాగాన్ని ఫ్రాన్స్‌లోని టూలూజ్ కేంద్రం చూస్తుంది. ఐస్‌లాండ్, బ్రిటన్ వైపు లండన్ కేంద్రం, ఇండోనేషియాని ఆస్ట్రేలియాలోని డార్విన్ కేంద్రం చూస్తాయి. బూడిద గాలిలో ఉన్నంతకాలం సుమారు ఆరు గంటలకోసారి కొత్త మ్యాప్ పెడతాయి. ఎవరైనా ఉచితంగా చూడొచ్చు.

ఆ మ్యాప్ చదవడానికి రెండు సంగతులు తెలిస్తే చాలు. ఒకటి ఎత్తు. "ఎఫ్ఎల్ 350" అని ఉంటే 35,000 అడుగులని అర్థం, చివర రెండు సున్నాలు చేర్చుకోవడమే. అంతర్జాతీయ విమానాలు ఎక్కువగా 30,000 నుంచి 40,000 అడుగుల మధ్య వెళతాయి. బూడిద ఆ ఎత్తులో మీ దారికి అడ్డంగా ఉంటే ఫ్లైట్ చుట్టూ తిరుగుతుంది, లేదంటే ఆగుతుంది. రెండోది సమయం. అంకెల చివర ఇంగ్లీషు "జెడ్" అక్షరం కనిపిస్తుంది, అది గ్రీనిచ్ సమయం. దానికి ఐదున్నర గంటలు కలిపితే మన టైము. "1200 జెడ్" అంటే మనకి సాయంత్రం ఐదున్నర. ఇప్పుడున్న స్థితితో పాటు 6, 12, 18 గంటల తర్వాత బూడిద ఎక్కడుంటుందో కూడా మ్యాప్‌లో గీసి ఉంటుంది. మీ ఫ్లైట్ వేళకి దగ్గరగా ఉన్న బొమ్మ చూడండి.

ఇది చూశాక కూడా ఫ్లైట్ వెళుతుందా లేదా అని మీరు నిర్ణయించలేరు, అది ఎయిర్‌లైన్ పని. కానీ ఎయిర్‌పోర్టుకి రాత్రి రెండింటికి బయల్దేరాలా, అక్కడి హోటల్ ఇంకో రోజు పొడిగించుకోవాలా అన్నది తేల్చుకోవడానికి ఈ మ్యాప్ పనికొస్తుంది.

ఇంకో చిన్న చిట్కా. విమానాలు ఎక్కడున్నాయో చూపించే ఫ్లైట్‌రాడార్24 యాప్‌లో మీ ఫ్లైట్ నంబరు కొడితే, చాలాసార్లు ఆ విమానం ఇప్పుడు ఎక్కడుందో కనిపిస్తుంది. హైదరాబాద్ నుంచి మిమ్మల్ని తీసుకెళ్లాల్సిన విమానం ఇంకా జెడ్డాలోనే నిలబడి ఉంటే, బోర్డు మీద "ఆన్ టైమ్" అని ఎంత రాసున్నా నమ్మకండి.

మీరుగా క్యాన్సిల్ చేయకండి

భయంతో చాలామంది చేసే తప్పు ఇది. వార్త చూడగానే యాప్ తెరిచి టికెట్ క్యాన్సిల్ కొట్టేస్తారు. మీరుగా చేస్తే మామూలు క్యాన్సిలేషన్ చార్జీలు పడతాయి. చవక టికెట్ అయితే చేతికి దాదాపు ఏమీ రాదు. అదే ఎయిర్‌లైన్ రద్దు చేస్తే మన డీజీసీఏ (దేశంలో విమానయానాన్ని నియంత్రించే సంస్థ) నియమాల ప్రకారం వాళ్లు మీకు వేరే ఫ్లైట్ గానీ, డబ్బు వాపసు గానీ ఇవ్వాలి. ఏది కావాలో చెప్పేది మీరు. డబ్బు బదులు "క్రెడిట్ షెల్", అంటే అదే ఎయిర్‌లైన్‌లో తర్వాత టికెట్‌కి వాడుకునే జమ, ఇస్తామని అంటే, మీకు ఇష్టమైతేనే ఒప్పుకోండి. అది వాళ్లంతట వాళ్లు మీ నెత్తిన పెట్టేది కాదు.

అలాగని ఫ్లైట్ రద్దు కాకుండానే ఎయిర్‌పోర్టుకి వెళ్లడం మానేయకండి. అది నో-షో, అంటే టికెట్ ఉండీ రాలేదన్న లెక్క. నో-షో అయితే అదే టికెట్ మీదున్న రిటర్న్ కూడా పోయే ప్రమాదముంది. ప్రయాణం వాయిదా వేయాలనిపిస్తే ఎయిర్‌లైన్ సైట్‌లో "ట్రావెల్ అడ్వైజరీ" చూడండి. బూడిద లాంటివి వచ్చినప్పుడు ఫలానా తేదీల టికెట్లకి ఒకసారి ఉచితంగా తేదీ మార్చుకోవచ్చని తరచుగా ప్రకటిస్తారు. ఆ ప్రకటన స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

వేరే ఫ్లైట్ అడిగేటప్పుడు

రద్దయిన ఫ్లైట్‌లోని రెండు మూడొందల మంది ఒకేసారి ఒకే కౌంటర్ మీద పడతారు. మీరు లైన్లో నిలబడండి, అదే సమయంలో ఇంట్లో ఒకరు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయాలి, ఇంకొకరు యాప్‌లో చూడాలి. ఎవరికి ముందు అందితే వాళ్లు చేయించాలి. అయితే ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ ఉండండి. లేకపోతే ఒకరు మార్చింది ఇంకొకరు మళ్లీ మార్చేస్తారు.

"ఏదో ఒకటి చూడండి" అని అడిగితే వాళ్లు ఎప్పుడో నాలుగు రోజుల తర్వాతది ఇస్తారు. మీరే వెతికి, ఫ్లైట్ నంబరుతో సహా అడగండి. డాలస్ వెళ్లాల్సిన వాళ్లకి గల్ఫ్ దారి మూసుకుంటే లండన్ మీదుగానో, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానో, లేదంటే తూర్పు వైపు సింగపూర్ మీదుగానో కుదురుతుందేమో చూడండి. ఎయిర్‌లైన్‌కి భాగస్వామి సంస్థలుంటే వాటిలో సీటిమ్మని అడగండి. ఒప్పుకుంటారని కచ్చితం కాదు, అడగకపోతే మాత్రం ఇవ్వరు. మార్చిన దారిలో ట్రాన్సిట్ వీసా (మధ్యలో విమానం మారే దేశానిది) అవసరమా అన్నది ఒప్పుకునే ముందే కనుక్కోండి. అమ్మానాన్నల విషయంలో ఇది మర్చిపోతే అక్కడి కౌంటర్‌లో మళ్లీ ఆపేస్తారు.

కొత్త ఫ్లైట్ వచ్చాక వీల్‌చైర్, వెజ్ భోజనం దానికి మారాయో లేదో అడిగి చూసుకోండి. పాత టికెట్‌లో ఉన్నాయి కదా అని వదిలేయకండి. మా పెద్దమ్మకి రెండోరోజు సీటు దొరికింది గానీ వీల్‌చైర్ కొత్త టికెట్‌లోకి రాలేదు. మోకాళ్ల నొప్పితో గేటు దాకా నడిచింది.

విడివిడిగా కొన్న టికెట్లు ఉంటే సంగతి వేరు. విజయవాడ నుంచి హైదరాబాద్ ఒక టికెట్, అక్కడి నుంచి మస్కట్ వేరే టికెట్ అనుకోండి. మొదటిది ఆగి రెండోది తప్పిపోతే రెండో ఎయిర్‌లైన్‌కి బాధ్యత లేదు. అది బయల్దేరకముందే ఫోన్ చేసి తేదీ మార్చమని అడగాలి. బయల్దేరాక అడిగితే నో-షో అంటారు. ఒకే పీఎన్‌ఆర్ మీద కొనడానికి కాస్త ఎక్కువైనా అందుకే కొనమంటాను.

ఎయిర్‌పోర్టు లోపల ఇరుక్కుంటే

చెక్-ఇన్ అయ్యాక, ఇమిగ్రేషన్ కూడా దాటాక రద్దయితే మీ అంతట మీరు బయటికి రాలేరు. ఎయిర్‌లైన్ స్టాఫ్ వచ్చి అందరినీ కలిపి వెనక్కి తీసుకెళతారు. పాస్‌పోర్టులో పడిన ఎగ్జిట్ స్టాంపుని ఇమిగ్రేషన్ వాళ్లు రద్దు చేస్తారు. అది రద్దయిందని కళ్లతో చూసుకునే బయటికి రండి. ఆ తర్వాత బెల్టు దగ్గర సామాను. బ్యాగేజ్ ట్యాగు బోర్డింగ్ పాస్ వెనక అతికించి ఉంటుంది, దాన్ని పారేయకండి.

సామాను వెంటనే రాకపోతే మందులు అందులోనే ఉండిపోతాయి. అందుకే బీపీ, షుగరు, థైరాయిడ్ మాత్రలు కనీసం ఐదు రోజులకి సరిపడా చేతి సంచిలో ఉండాలి, డాక్టర్ చీటీతో సహా. చీటీలో బ్రాండు పేరే కాకుండా మందు అసలు పేరు కూడా రాయించండి. మెట్‌ఫార్మిన్ అంటే దుబాయ్ మందుల షాపులోనూ అర్థమవుతుంది, మన బ్రాండు పేరు వాళ్లకి తెలియకపోవచ్చు. ఇన్సులిన్ ఎప్పుడూ చెక్-ఇన్ సామానులో వేయకండి. సంచిలో ఒక జత బట్టలు, చార్జరు, తినడానికి నాలుగు సకినాలో మురుకులో ఉంచండి. ఎయిర్‌పోర్టులో అర్ధరాత్రి మనం తినగలిగేది దొరక్కపోవచ్చు.

వచ్చేముందు కౌంటర్‌లో ఒక కాగితం అడగండి. ఫ్లైట్ నంబరు, తేదీ, రద్దుకి కారణం రాసి ఇచ్చేది. కాగితం ఇవ్వకపోతే మెయిల్ పంపమనండి. అదీ కాకపోతే "క్యాన్సిల్డ్" అని చూపిస్తున్న బోర్డు ఫొటో, టైము కనపడేలా తీసుకోండి. తర్వాత ఇన్సూరెన్స్‌కి, ఆఫీసులో సెలవుకి, వీసా ఆఫీసుకి అన్నిచోట్లా ఇదే అడుగుతారు.

హోటల్, భోజనం ఎవరిస్తారు?

ఇది మీరు ఎక్కడి నుంచి బయల్దేరుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. బూడిద ఎవరి తప్పూ కాదు కాబట్టి నష్టపరిహారం మన దగ్గరా రాదు, యూరప్‌లోనూ రాదు. కానీ యూరప్ ఎయిర్‌పోర్టు నుంచి బయల్దేరే ఏ ఎయిర్‌లైన్ అయినా, అది మన ఇండియా ఎయిర్‌లైన్ అయినా సరే, మీరు ఇరుక్కున్నన్ని రోజులూ భోజనం, హోటల్, అక్కడికి వెళ్లొచ్చే వాహనం ఇవ్వాల్సిందే. 2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండ్‌లోని ఎయాఫ్యాట్లాయొకుట్ల్ పేలి, యూరప్ ఆకాశం దాదాపు ఆరు రోజులు మూతపడి, లక్షకి పైగా ఫ్లైట్లు ఆగిపోయాయి. అప్పుడు ఇరుక్కున్న ఒక ప్రయాణికురాలు వేసిన కేసులో యూరప్ కోర్టు 2013 జనవరిలో ఇదే తేల్చింది: ఎంత అసాధారణ పరిస్థితైనా ప్రయాణికుల్ని చూసుకునే బాధ్యత పోదు. బ్రిటన్‌లోనూ ఇదే రూలుంది. లండన్ నుంచి హైదరాబాద్ వచ్చేవాళ్లు ధైర్యంగా అడగండి. వాళ్లు హోటల్ చూపించలేకపోతే మీరే మామూలు హోటల్ తీసుకుని, రసీదులు దాచి తర్వాత అడగొచ్చు. ఫైవ్ స్టార్ బిల్లు పెడితే మాత్రం ఇవ్వరు.

అమెరికాలో ఇలాంటప్పుడు హోటల్ ఇవ్వాలన్న చట్టం లేదు. అయితే ఫ్లైట్ రద్దయి, మీరు వేరే ఫ్లైట్ వద్దనుకుంటే డబ్బు వాపసివ్వాలి. ఇండియాలో, గల్ఫ్‌లో హోటల్ విషయం ఎక్కువగా ఎయిర్‌లైన్ మీద ఆధారపడి ఉంటుంది. పెద్దవాళ్లు, చంటిపిల్లలు ఉంటే ఆ మాట ముందే చెప్పి అడగండి.

వీసా గడువు దగ్గరపడితే

ఆఖరి రోజు రిటర్న్ పెట్టుకున్నవాళ్లకి అసలు కష్టం ఇక్కడే. బాలీలో గడువు దాటితే రోజుకి పది లక్షల రుపియా జరిమానా, మన డబ్బుల్లో ఐదు వేలకి పైమాటే. గడువు దాటక ముందే ఆ రద్దు కాగితం పట్టుకుని ఇమిగ్రేషన్ ఆఫీసుకి వెళ్లండి. యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసాని ఇలాంటి తప్పనిసరి పరిస్థితుల్లో ఫీజు లేకుండా పొడిగించాలని వాళ్ల నియమాల్లోనే ఉంది. అమెరికాలో ఉన్న అమ్మానాన్నలకి చూడాల్సింది పాస్‌పోర్టులోని వీసా తేదీ కాదు, ఐ-94లో (దేశంలోకి వచ్చినప్పుడు ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే అక్కడి రికార్డు) ఉన్న తేదీ. అది దాటిపోయేలా ఉంటే ముందే పొడిగింపుకి ఐ-539 దరఖాస్తు వేయాలి.

సెలవుకి ఊరొచ్చి సౌదీ తిరిగి వెళ్లే అన్నదమ్ములారా, మీ రీ-ఎంట్రీ వీసా (తిరిగి సౌదీలోకి వెళ్లడానికిచ్చే అనుమతి) గడువు ఎన్ని రోజులుందో ఈ రోజే చూసుకోండి. తక్కువుంటే రద్దు మెసేజ్ స్క్రీన్‌షాట్ వెంటనే కంపెనీకి పంపి పొడిగించమని అడగండి. మీరు ఇక్కడ ఉండగానే వాళ్లు అక్కడి నుంచి చేయగలరు.

ఇన్సూరెన్స్, డబ్బులు

పర్వతం పేలిన వార్త వచ్చాక కొన్న పాలసీ ఆ పేలుడుకి పనికిరాదు. తెలిసిన ప్రమాదం కింద తీసేస్తారు. కొనేటప్పుడే ప్రకృతి విపత్తుల వల్ల ఆలస్యం, రద్దు కవరవుతాయా అని చూడండి. 2010లో బ్రిటన్‌లో కొన్ని ఇన్సూరెన్స్ కంపెనీలు బూడిద "చెడు వాతావరణం" కాదని వాదించాయి. కాబట్టి పాలసీలో అగ్నిపర్వతం అన్న మాట కనిపిస్తే ఇంకా మంచిది.

రసీదులన్నీ అదే రోజు ఫొటో తీసి పెట్టుకోండి, ఆ పల్చటి కాగితాల మీద అక్షరాలు కొన్నాళ్లకే చెరిగిపోతాయి. ఏజెంటు దగ్గర కొన్న టికెట్ అయినా రీఫండ్ బాధ్యత ఎయిర్‌లైన్‌దే అని డీజీసీఏ నియమం చెబుతోంది. "ఎయిర్‌లైన్ ఇంకా వేయలేదు" అని ఏజెంటు, "ఏజెంటుకి వేసేశాం" అని ఎయిర్‌లైన్ మిమ్మల్ని తిప్పుతుంటే, ఎప్పుడు, ఎంత, ఏ రిఫరెన్స్ నంబరుతో వేశారో ఎయిర్‌లైన్‌ని మెయిల్‌లో అడగండి. ఆ జవాబు ఏజెంటుకి చూపించండి. అప్పటికీ తేలకపోతే పౌర విమానయాన శాఖ వారి ఎయిర్‌సేవా యాప్‌లో టికెట్ వివరాలతో ఫిర్యాదు పెట్టండి. మా పెద్దమ్మకి ఆ రాత్రి తీసుకున్న గది డబ్బులు రాలేదు. టాక్సీ రసీదు ఉంది గానీ, గది రసీదు అడగడం మాకెవరికీ తట్టలేదు.